దిగులు మోసుకొచ్చే కబురు

(పాఠశాల కౌన్సెలింగ్‌లో ఉద్వేగ ప్రజ్ఞ: స్మారకోపన్యాస పాఠం)

ఈ సభ ఎవరి స్మారకమో ఆ మాస్టారికి తన పేరు పదిమందిలో పదేపదే వినబడటం గిట్టేది కాదు. అందుకని ఈ గంటసేపూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి స్మారక సభలో మనస్తత్వశాస్త్రం ఏమిటని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి ఆయన "ఎక్కడ తప్పావురా" అని అడిగేవారు కాదు. "ఎక్కడిదాకా బాగానే వచ్చింది?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అడగడం మా కౌన్సిలర్ల వృత్తిలో చాలామందికి శిక్షణ అయ్యాక కూడా రాదు.

ఈ సభలో టెట్, డి.ఎస్.సి. రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఉద్వేగాత్మక ప్రజ్ఞ అనగానే డేనియల్ గోల్‌మన్, 1995 అన్న బిట్టు వాళ్ళకు నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది. బిట్టు తప్పేమీ కాదు. ఆ ఏడాది వచ్చిన పుస్తకంతోనే ఆ మాట దేశదేశాలు తిరిగింది. కానీ అంతకు అయిదేళ్ళ ముందే, 1990లో, పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక పరిశోధన పత్రికలో దాని గురించి నిదానంగా, పెద్ద వాగ్దానాలేవీ చెయ్యకుండా రాశారు. మనిషి తనలోనూ ఎదుటివారిలోనూ కదిలే ఉద్వేగాలను గుర్తుపట్టగలగాలి, ఒకదాని నుంచి ఒకదాన్ని విడదీసి చూడగలగాలి, అలా తెలిసినదాన్ని ఆలోచనకూ చేతకూ వాడుకోగలగాలి అన్నారు. 1997లో దీన్నే నాలుగు సామర్థ్యాలుగా విడమరిచారు: ఉద్వేగాన్ని పసిగట్టడం, ఆలోచనకు ఆసరా చేసుకోవడం, అది ఎందుకు పుట్టి ఎటు మళ్ళుతుందో అర్థం చేసుకోవడం, దాన్ని నిభాయించుకోవడం.

గోల్‌మన్ పుస్తకం ఉపశీర్షికలోనే ఇది ఐ.క్యూ. కన్నా ముఖ్యం కావచ్చని ఊరించింది. ఊరింపు ఫలించింది. కంపెనీలు శిక్షణ తరగతులు పెట్టాయి, వక్తలు పుట్టుకొచ్చారు, ప్రశ్నపత్రాలు అమ్ముడుపోయాయి. ఈ మధ్య కొన్ని బడులు పిల్లల ప్రోగ్రెస్ కార్డులో దీనికీ ఒక గడి గీసి గ్రేడు వేస్తున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్లకు సహానుభూతిలో బి ప్లస్ వేసిన పెద్దమనిషికి ఏ గ్రేడు వెయ్యాలో నాకు తోచడం లేదు.

ఆ మొదటి ఇద్దరి ఆలోచనలో నాకు పనికొచ్చింది ఒక చిన్న ఊహ. ఉద్వేగంలో సమాచారం ఉంటుంది. భయం ఏదో ముప్పు పొంచి ఉందని చెబుతుంది. కోపం ఎవరో హద్దు దాటారని చెబుతుంది. దిగులు ఏదో పోగొట్టుకున్నామని చెబుతుంది. ఈ ఊహను బడి గేటు దాటించి లోపలికి తీసుకురండి. పిల్లవాడి దిగులు ఒక్క పిల్లవాడి గురించే చెప్పి ఊరుకోదు. బడి గురించి, హాస్టల్ గురించి, ఇంటి గురించి కూడా చెబుతుంది. ఆ కబురు విని, అది చేరవలసిన చోటికి చేర్చడం కౌన్సిలర్ పని. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది కబురు తెచ్చినవాణ్ణి ఊరుకోబెట్టి పంపెయ్యడం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ఈ వృత్తి పుట్టుక కొంచెం చూడాలి. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్ నగరంలో ఒక వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. పల్లెల నుంచి, పరదేశాల నుంచి వచ్చిపడ్డ కుర్రవాళ్ళకు ఏ పని నప్పుతుందో చెప్పడం దాని ఉద్దేశం. పాఠశాల కౌన్సెలింగ్‌కు మూలం అదే. మన దేశంలోనూ అదే దారి: 1954లో ఢిల్లీలో పెట్టిన కేంద్ర సంస్థ పేరులోనే విద్యా, వృత్తి మార్గదర్శకత్వం ఉంది. అంటే ఎం.పి.సి.నా, బై.పి.సి.నా అని తేల్చే సలహాదారు ముందు వచ్చాడు. మనసు వినే మనిషి ఆ తర్వాత వచ్చాడు. 1957లో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ రాసిన వ్యాసం ఈ రెండోవాడికి పునాది వేసింది. ఎదుటివాడి లోకాన్ని వాడి వైపు నుంచి చూడగలగడం, షరతులు పెట్టకుండా మనిషిగా ఆదరించడం, పైకొకటి లోపలొకటి లేకుండా ఉండటం అని ఆయన చెప్పిన మూడు గుణాలూ సలహా ఇచ్చే నేర్పుకు సంబంధించినవి కావు. మన బడుల్లో ఇద్దర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టారు. పైగా మూడో పని కూడా అప్పజెప్పారు: మార్కులు పెంచడం. యాజమాన్యానికి కనబడేది ఆ మూడోదే.

ఒక సంగతి చెబుతాను. ఊరు, గుర్తులు, కొన్ని వివరాలు మార్చేశాను.

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. మొదటి సంవత్సరం ఎం.పి.సి. కుర్రాడు. చేతిలో వైస్ ప్రిన్సిపల్ రాసిచ్చిన చీటీ: "కాన్సంట్రేషన్ తగ్గింది. కౌన్సెలింగ్ ఇవ్వగలరు." పోలీస్ స్టేషన్లో రౌడీషీటర్లకు ఇస్తారే, అలాంటిదేదో ఉంటుందనుకుని వచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏమడిగినా "ఏం లేదు మేడమ్" అంటాడు. అన్నప్పుడల్లా పెదవి చివర ఒక నవ్వు.

ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. మా వృత్తి పుస్తకాల్లో కౌన్సిలర్‌కు ఒళ్ళు మండటం ఉండదు, బయట ఉంటుంది. పదిహేనేళ్ళ కుర్రాడు ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే, రోజూ తరగతిలో నలభై యాభై మందిని చూసే లెక్చరర్‌కు ఇంకెంత మండుతుంది? మండినప్పుడు ఆయన ఏమంటాడు? అందరి ముందూ అన్న మాటకు ఈ కుర్రాడు నవ్వు తప్ప ఇంకేం అడ్డం పెట్టుకోగలడు? నాలో పుట్టిన చిరాకే నాకు వాడి గురించి మొదటి వార్త తెచ్చింది. దాన్ని నేను పట్టించుకోకుండా ఉంటే అది నా గొంతులోకి వచ్చేది. వాడు దాన్ని క్షణంలో పసిగట్టేవాడు. పెద్దవాళ్ళ గొంతు మారడం కనిపెట్టడంలో పిల్లలకు మనం ఎవరం సాటిరాము. వాళ్ళ బతుకు దాని మీద ఆధారపడి ఉంటుంది మరి.

చీటీ పక్కన పెట్టి పొద్దున టిఫిన్ ఏం పెట్టారని అడిగాను.

"ఉప్మా."

"తిన్నావా నాన్నా?"

"లేదు మేడమ్."

"మెస్‌లో ఎవరి పక్కన కూర్చుంటావు?"

నవ్వు పోయింది. ఆ తర్వాత చాలాసేపటికి మాట వచ్చింది. పోయిన నెల దాకా స్టార్ బ్యాచ్‌లో ఉన్నాడు. వరసగా రెండు వీక్లీ టెస్టుల్లో వెనకబడ్డాక కింది సెక్షన్‌కు మార్చారు. జాబితా మెస్ తలుపు మీద అంటించారు. సెక్షన్‌తోపాటు గది మారింది, స్టడీ అవర్ మారింది, భోజనాల టైము కూడా మారింది. చేరిన రోజు నుంచీ కలిసి తిరిగిన ముగ్గురు స్నేహితులు ఇప్పుడు ఎదురుపడరు. వాళ్ళ నాన్న పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. ఆదివారం వచ్చే ఫోను రెండు మూడు నిమిషాలు, అందులో మొదటి ప్రశ్న ర్యాంకు. బ్యాచ్ మారిన సంగతి వీడు ఇంట్లో చెప్పలేదు. ప్రతి ఆదివారం ఒక అబద్ధం చెబుతున్నాడు. ధ్యాస తగ్గిందని చీటీలో రాసింది నిజమే, వాడి ధ్యాసంతా వచ్చే ఆదివారం మీద ఉంది.

వాడు దీన్నంతా కలిపి "టెన్షన్" అన్నాడు. మన పిల్లలందరూ అదే అంటారు. ఆ మూటను మెల్లగా విప్పితే స్నేహితులు దూరమైన బెంగ ఒకటి, తలుపు మీద పేరు కనబడ్డ నామోషీ ఒకటి, నాన్నను మోసం చేస్తున్నానన్న గుబులు ఒకటి వేరువేరుగా బయటపడ్డాయి. మూడింటికీ మందు ఒకటి కాదు. బెంగకు స్నేహితులు కావాలి. నామోషీకి ఆ కాగితం పోవాలి. గుబులుకు నాన్నతో నిజం చెప్పడం కావాలి. దీర్ఘంగా శ్వాస తీసుకోమని చెప్పి పంపిస్తే ఈ మూడిట్లో ఏదీ కదిలేది కాదు. తనకు కలుగుతున్నది ఏమిటో పేరు పెట్టి చెప్పుకోగలిగితే దాని ఉధృతి తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం లాస్ ఏంజెలెస్‌లో మెదడు స్కానింగులతో చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. భయానికి స్పందించే మెదడు భాగం, ఉద్వేగానికి పేరు పెట్టినప్పుడు నెమ్మదించింది. అయితే పేరు పెట్టడం సగం పనే. ఆ పేరు ఎవరి చెవిన పడాలన్నది మిగతా సగం.

నాన్నకు వాడే చెప్పాడు, నా గదిలోంచి ఫోను చేసి. ఏం చెప్పాలో ముందు నా దగ్గర అనుకుని చూసుకున్నాడు. అవతల ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నం తింటన్నావా?" అని అడిగాడట. యాజమాన్యాన్ని నేను రెండు అడిగాను: పాత గది, తలుపు మీది జాబితా తీసెయ్యడం. గది ఇచ్చారు. జాబితా అన్ని బ్రాంచీల్లో ఉంటుంది, ఒక్కచోట తియ్యడం కుదరదన్నారు. ఏడాది చివర కుర్రాడు తన మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్ళిపోయాడు. దీన్ని గెలుపనో ఓటమనో నేను అనను. కానీ ఆ సెక్షన్ నుంచి అవే మాటలు రాసిన చీటీలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వేరువేరు పేర్లు, ఒకే తలుపు. ఆ తలుపు గురించిన వార్త పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మోసుకొస్తూనే ఉన్నారు.

ఉద్వేగ ప్రజ్ఞ పిల్లలకు నేర్పాలని అందరూ అంటున్నారు. కౌన్సిలర్‌కు ముందు కావాలని అనేవాళ్ళు తక్కువ. కౌన్సిలర్‌కు అడ్డుపడే ఉద్వేగాల్లో కోపం తేలిక, అది కనబడుతుంది. కష్టమైనది జాలి. ఏడుస్తున్న పిల్లను చూడలేక "ఏం కాదమ్మా, అంతా సర్దుకుంటుంది" అనేస్తాం. ఆ మాటతో ఊరట కలిగేది మనకు. పిల్లకు మాత్రం మాటలు ఇక్కడితో ఆపమని సైగ చేసినట్టవుతుంది. రెండోది సలహా దురద. తెలుగువాళ్ళం ఈ విషయంలో ధారాళం. రైల్లో పక్క సీటాయన కూడా మన షుగరుకు మందు చెబుతాడు. మూడోది తల్లిదండ్రుల మీద కోపం. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి ర్యాంకు అడిగితే ఆయన్ని కసాయివాడిలా చూడటం సులువు. ఆయన అడిగేది భయంతో. ఆ భయంలోనూ వార్త ఉంది: చదువు తప్ప పొలం బతికించదని ఆయనకు తెలుసు.

వినడం గురించి ఎవరైనా అడిగితే నేను మా పుస్తకాలు చూపించను, 'రైలుబడి' చదవమంటాను. తెత్సుకో కురొయనాగి జపాన్‌లో తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకానికి తెలుగు ఇది. మొదటి బడి వద్దని పంపేసిన పిల్ల కొత్త బడికి వస్తుంది. హెడ్‌మాస్టర్ కొబయాషి తల్లిని పంపించి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం చెప్పాలనుంటే అది చెప్పమంటాడు. దాదాపు నాలుగు గంటలు వింటాడు. ఆవలించడు, గడియారం చూడడు. మీలో హెడ్‌మాస్టర్లు గడియారం వైపు చూస్తున్నారు, నాకు కనబడుతోంది. నాలుగు గంటలు ఎవరూ ఇవ్వలేరు, ఒప్పుకుంటాను. మధ్యలో అటెండర్ తలుపు తోసుకుని రాని ఇరవై నిమిషాలు మన బడుల్లో ఎంతమంది పిల్లలకు దొరుకుతున్నాయో లెక్క చూడండి చాలు. గది లేని కౌన్సిలర్లు నాకు తెలుసు. స్పోర్ట్స్ సామాను గదిలో, మెట్ల కింద, ఆఫీసు గదిలో క్లర్కు పక్కన బల్ల వేసుకుని కూర్చుంటారు. క్లర్కు వింటుండగా తన బాధ చెప్పే పిల్ల ఇంకా పుట్టలేదు.

రహస్యం సంగతి ఇక్కడే చెప్పాలి. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాటివ్వడం చాలామంది కౌన్సిలర్లు చేసే పని. అది నిలబడని మాట. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, జరగబోతోందన్న అనుమానం కలిగినా, పోలీసులకు తెలియజెయ్యాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తెలియజెయ్యకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. కౌన్సిలర్‌కు, హెడ్‌మాస్టర్‌కు, వార్డెన్‌కు ఎవరికీ మినహాయింపు లేదు. బడి పరువు అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. కనుక మొదటి రోజే చెప్పెయ్యాలి: నీ ప్రాణానికి ముప్పున్నా, ఇంకొకరి ప్రాణానికి ముప్పున్నా, నిన్ను ఎవరైనా బాధపెడుతున్నా నేను ఇతరులకు చెప్పాల్సి వస్తుంది. చెప్పేముందు నీకు చెప్పి చెబుతాను. ఇలా అంటే పిల్లలు నోరు మూసుకుంటారని భయపడతాం. నా అనుభవంలో ఎక్కువమంది ఇలా అన్నాకే నోరు తెరిచారు. హద్దులు తెలిసిన చోట పిల్లలకు ధైర్యంగా ఉంటుంది.

ఇంకొక భయం కూడా తీసెయ్యాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో చాలామంది నమ్మకం. పరిశోధనలు అలా చెప్పడం లేదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి అడిగినవాళ్ళు ఉన్నారన్న ఊరట కలుగుతుంది. నిదానంగా, సూటిగా, మామూలు గొంతుతో అడగాలి. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఇంటివాళ్ళను పిలవాలి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నెంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నెంబర్లూ బోర్డు మీద రాసి ఉండని హాస్టల్ మీకు తెలిస్తే రేపే రాయించండి. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఆ సంఖ్య గురించి ఇక్కడ ఇంతకుమించి మాట్లాడను.

భాష గురించి ఒక ముక్క. ఇంగ్లీషులో తప్ప మాట్లాడకూడదన్న క్యాంపస్‌లో కౌన్సిలర్ గది ఆ నియమానికి బయట ఉండాలి. పిల్లలు అమ్మ మీద బెంగను అమ్మ భాషలోనే చెప్పగలరు, అదీ తమ ఊరి యాసలో. శ్రీకాకుళం పిల్లను, పాలమూరు పిల్లవాణ్ణి యాసకు నవ్విన చోట వాళ్ళు మళ్ళీ నోరు విప్పరు. నవ్వింది కౌన్సిలరే అయితే ఇక చెప్పేదేముంది. మగపిల్లల ఏడుపు కూడా ఇలాంటిదే. ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా అన్న మాట విని పెరిగినవాడు దిగులును కోపంగా మార్చుకుని వస్తాడు. చీటీలో "ఇన్‌డిసిప్లిన్" అని ఉంటుంది.

కులం దగ్గరికి వచ్చేసరికి మా వృత్తి గొంతు సన్నగిలుతుంది. రిజర్వేషన్ సీటు అని వెనక బెంచీలోంచి వినబడే మాట, తమ ఇంటి పేరు అడిగినప్పుడు ఎదుటివాడి కళ్ళల్లో జరిగే మార్పు, ఇవి పిల్లలు ఫిర్యాదుగా చెప్పరు. "క్లాసుకు వెళ్ళాలనిపించడం లేదు" అంటారు. ఆ అవమానం ఎప్పుడూ పడని కౌన్సిలర్‌కు అది సోమరితనంలా కనిపించే ప్రమాదం ఉంది. ఎదుటివారి ఉద్వేగాన్ని పసిగట్టడం ముఖం చూసి నేర్చుకునే విద్య మాత్రమే అయితే ఇక్కడ పనికిరాదు. ఆ ముఖం ఏ వాడ నుంచి వచ్చిందో, అక్కడ ఏం జరుగుతుందో తెలియాలి.

ఇప్పుడు కార్యక్రమాల సంగతి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో హ్యాపీనెస్ కరికులం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఆనంద వేదిక వచ్చింది. ఇలాంటివి పనిచేస్తాయా? జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో ఇలాంటి 213 కార్యక్రమాలను, 2,70,034 మంది పిల్లల వివరాలను కలిపి పరిశీలించింది. సామాజిక, ఉద్వేగ నైపుణ్యాలు నేర్పిన చోట ప్రవర్తన మెరుగుపడింది, చదువులో సగటున 11 పర్సెంటైల్ పాయింట్ల మేలు కనిపించింది. ఉత్సాహవంతులు ఈ అంకెతో ఆపేస్తారు. ఆ పరిశీలనలోనే, బయటి నిపుణుల కన్నా బడిలోని సొంత టీచర్లు నడిపినవి బాగా పనిచేశాయనీ, పైపైన నడిపినవి అంతగా పనిచెయ్యలేదనీ ఉంది. బ్రిటన్‌లో ఎనభైకి పైగా బడుల్లో, 8 వేలకు పైగా పిల్లలతో ధ్యాన పద్ధతి మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా బడులు చేస్తున్నదాని కన్నా అదనపు మేలేమీ కనబడలేదు. వీటిని కలిపి చదివితే నాకు అర్థమైంది: తమను ఎరిగిన టీచరు నేర్పితే పిల్లలకు అబ్బుతుంది. రోజుకో పీరియడ్ కళ్ళు మూసుకోమనడం వల్ల ఆ టీచరు పుట్టుకురాడు.

నాకు భయం వేసేది ఇంకో చోట. తెల్లవారకముందే గంట కొట్టి లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టి, ఆదివారం పరీక్ష పెట్టి, ర్యాంకులు గోడకెక్కించి, ఆ తర్వాత "ఒత్తిడిని జయించడం ఎలా?" అని ఒక గంట ఉపన్యాసం పెట్టించే సంస్థలు ఉన్నాయి. వాటిలో కొన్నిటికి నన్నూ పిలిచారు. థర్మామీటర్‌ను చల్లటి నీళ్ళలో ముంచి జ్వరం దిగిందనడం లాంటి పని అది. పిల్లకు ఓర్పు నేర్పడం మంచిదే. దేన్ని ఓర్చుకోవాలో కూడా మనమే తేల్చి, తేల్చినదాన్ని మార్చకుండా ఓర్పు మాత్రం నేర్పితే అది ఉద్వేగ ప్రజ్ఞ పేరుతో చేసే నోరు మూయింపు.

ఈ విషయం సుప్రీంకోర్టుకు మన కన్నా బాగా పట్టుబడింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా తీర్పు చెబుతూ, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించవలసిన 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వంద మంది, అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలన్నది పత్రికల్లో బాగానే వచ్చింది. అంతగా రానిది దాని పక్కనున్నది: వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, పిల్లలను నలుగురిలో అవమానించకూడదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఉండాలి. కౌన్సిలర్‌ను పెట్టి జాబితాను ఉంచుకోవడం ఇక తగదని దీని అర్థం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కూడా కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, కానీ ఆ చట్టం పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఇంటర్ పిల్లలు దాని గడపకు అవతల ఉండిపోయారు. ఈ తీర్పు వాళ్ళదాకా వచ్చింది. అమలు సంగతి అడగకండి, అది మీరే మీ క్యాంపస్ తలుపుల మీద చూసుకోవాలి.

కౌన్సిలర్ ఎవరికి జవాబు చెప్పుకోవాలి? ఇదీ తేలాల్సిన ప్రశ్న. ఇప్పుడు డీన్‌కో, వైస్ ప్రిన్సిపల్‌కో చెప్పుకుంటోంది. చీటీ రాసేదీ వాళ్ళే, ఫలితం అడిగేదీ వాళ్ళే. నేను కోరేది ఇది: మూడు నెలలకోసారి కౌన్సిలర్ ఒక పేజీ రాయాలి. అందులో ఏ పిల్ల పేరూ ఉండకూడదు. ఏ వారం ఎక్కువమంది వచ్చారు, ఏ సెక్షన్ నుంచి, ఏ పరీక్ష తర్వాత, ఏ అంతస్తు నుంచి, కడుపునొప్పి అని సిక్ రూముకు వెళ్ళినవాళ్ళు ఏ పీరియడ్‌లో ఎక్కువ అన్నవి ఉండాలి. దాన్ని స్టాఫ్ మీటింగులో చదవాలి. అందరికన్నా ముందు హెడ్‌మాస్టర్ వినాలి. సోమవారం రెండో పీరియడ్‌లో కడుపునొప్పులు వస్తుంటే, ఆ పీరియడ్ ఎవరిదో ఆ గదిలో అందరికీ తెలుస్తుంది. ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు. ఇలా చేసిన ఒక బడిలో టైంటేబుల్ మారింది. ఇంకో బడిలో కౌన్సిలర్‌ను మార్చారు. రెండూ జరుగుతాయి.

మా వాళ్ళ సంగతి చివరన చెప్పడం మాకు అలవాటు. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల గురించి రాస్తూ, జీతం కోసం ముఖాన ఒక భావం అతికించుకుని ఉండటం కూడా శ్రమేనని చూపించింది. వందల మంది పిల్లల మధ్య ఒక్క కౌన్సిలర్, సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు, అడ్మిషన్ల సీజన్‌లో ఇల్లిల్లూ తిరగడం, మధ్యలో పొద్దున్నించీ విన్నవన్నీ లోపల. సాయంత్రం ఇంట్లో సొంత పిల్లవాడు ఏదో చెప్పబోతే "తర్వాత చెబుదువులే" అనే కౌన్సిలర్ల మాటలు నేను విన్నాను. విన్నదాన్ని వాళ్ళు ఎక్కడ దించుకోవాలి? కొన్ని దేశాల్లో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు అనుభవజ్ఞుల దగ్గర కూర్చుని తమ కేసులు, తమ ఉద్వేగాలు చర్చించుకునే ఏర్పాటు ఉద్యోగంలో భాగం. మన జిల్లాలో అలాంటిది లేదు.

మాస్టారి పేరున ఉన్న ఈ ధర్మనిధి ఏటా ఒక ఉపన్యాసం ఇప్పిస్తోంది. మాస్టారి కుటుంబం, కమిటీ ఒప్పుకుంటే ఇంకొక పని కూడా మొదలుపెట్టవచ్చు. జిల్లాలో బడుల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో, ప్రైవేటు కాలేజీల్లో కౌన్సిలర్లుగా, కౌన్సిలర్ పని చేస్తున్న టీచర్లుగా ఉన్నవాళ్ళు నెలకొక శనివారం మధ్యాహ్నం ఒక గదిలో కలవాలి. అనుభవం ఉన్న మనస్తత్వ నిపుణులు ఒకరు రావాలి. పిల్లల పేర్లు, బడుల పేర్లు చెప్పకుండా ఎవరి కేసు వాళ్ళు చెప్పుకోవాలి. గది ఈ భవనంలోనే ఉంది. నిపుణుల రాకపోకలకు, టీ ఖర్చుకు ఎంతవుతుందో లెక్క వేసి కార్యదర్శి గారికి పొద్దున్నే ఇచ్చాను. వచ్చే సమావేశంలో దాన్ని అజెండాలో పెడతామన్నారు.